బొంత కింద ఆకాశం

“మంచినీళ్ళు కావాలి” అన్నాడు ఆశీర్వాదం, ఫ్రిజ్జుతో.

ఫ్రిజ్జు బదులివ్వలేదు. దాని పక్కన నిలబడి పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తున్న జయమణి సీసా తీసి బల్లమీద పెట్టింది. ఆశీర్వాదం సీసాకి థాంక్స్ చెప్పి గటగటా తాగేశాడు.

బొంత ఇల్లు దాటిన నాటినుంచీ ఇదే వరస. గోడని టిఫినడుగుతాడు. చర్చికి టైమైందని గడియారానికి చెబుతాడు. పెళ్ళాంతో మాత్రం పలుకు లేదు. పేరులోనే వాదం ఉన్న మనిషి వాదన మానేశాడంటే జయమణికి లోపల్లోపల భయంగానే ఉంది. పోట్లాడితే సర్దిచెప్పొచ్చు. మౌనానికి ఏం చెప్పి సర్దాలి? పడక ఒకటే గానీ, ఇద్దరికీ పడక, ఆయన అటు తిరిగీ ఈవిడ ఇటు తిరిగీ పడుకుంటున్నారు. ఈవిడకి తెల్లవారుజామున కాస్త కునుకు పడుతోంది. ఆయనకి అదీ లేదు.

సర్వీసంతా జగ్గయ్యపేట, నందిగామల మధ్య బస్సులో కండక్టరు చేసిన మనిషి. కిక్కిరిసిన బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడే ఓ కునుకు తీయగల ఘనుడు. రిటైరయ్యాక ఏమైందో ఏమో, వాళ్ళమ్మ సూసన్నమ్మ కుట్టిన బొంత కప్పుకుంటే తప్ప కన్ను మూతపడదు. కప్పుకుంటే నిద్రకి తోడు కలా వచ్చేదట. రోజూ ఒకటే కల. వీరులపాడులో పచ్చటి మిరపచేను. గట్టుమీద అమ్మ ముందు, తను వెనక. అమ్మ వెనక్కి తిరగదు, మాట్లాడదు. అయినా ఆ పచ్చదనం పొద్దున లేచాక కూడా కాసేపు కళ్ళలో ఉండిపోయేదట. ఇప్పుడా కళ్ళలో ఉన్నది ఎరుపొక్కటే.

“మమ్మీ, ఇవాళే వేలం పాటని డాడీకి చెప్పావా?” జుట్టు దువ్వుకుంటూ వచ్చింది జాయిస్.

“నేను చెబితే వినేదెవరు? ఫ్రిజ్జుకి చెప్పు. అది చెప్తుంది.”

“మీ ఇద్దరి మధ్యా ఫ్రిజ్జు నలిగిపోతోంది మమ్మీ. దానికి గ్యారంటీ కూడా అయిపోయింది.”

జాయిస్ నందిగామలో ఓ ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరు. బళ్ళో పిల్లలచేత మామిడిపళ్ళు వేయిస్తుంది గానీ, సొంతానికి వేసేవి మాత్రం చూసినవాళ్ళు మెడ ఓ పక్కకి వంచి “ఏంటిది?” అనేలా ఉంటాయి. జగ్గయ్యపేట శివార్లలో పాత సున్నపురాయి గోడౌనుని బాగుచేసి పెట్టిన మ్యూజియం ఉంది. అందులో ఉన్నవన్నీ తవ్వకాల్లో దొరికిన రాళ్ళే. చూసేవాళ్ళు లేక ఆ రాళ్ళు కూడా ఆవులిస్తున్న రోజుల్లో, జాయిస్, ఆమె స్నేహితులూ కలిసి అక్కడ ‘నిద్ర’ అని కొత్తరకం బొమ్మల ప్రదర్శన పెట్టారు. ఊరికే కాదు. నందిగామ ఆసుపత్రికి రోగులతో వచ్చేవాళ్ళు తలవాల్చుకోడానికో విశ్రాంతి ఇల్లు కట్టాలని. బొమ్మలన్నీ వేలం పాటలో పెట్టి, వచ్చిందంతా దానికే ఇవ్వాలని.

ఆ మాట విన్నరోజే జయమణి బొంత మడతపెట్టి కూతురి చేతిలో పెట్టింది. అత్తగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆవిడ లోపల మంచం మీద, మొగుడూ పెళ్ళాలిద్దరూ బయట వరండాలో. ఆ బొంతే సగం కిందకీ సగం పైకీ వేసుకుని పడుకున్నారు. ఊడిపోయిన చివరి వరస ఆ వరండాలోనే కూచుని కుట్టి, ముడేసింది జయమణే. అలాంటి పనికి అలాంటి బొంత ఇవ్వక ఇంకేమిస్తాం అనిపించిందామెకి. ఆశీర్వాదం ఆ రోజు గరికపాడులో పెళ్ళికెళ్ళాడు. వచ్చాక చెబుదాంలే అనుకుంది.

వచ్చాడు. పడుకోబోయాడు. అదీ సంగతి.

“పాటలో ఎవరు పాడినా ఏముందిలే. ఎలాగూ ఇంటికే వస్తుందిగా” అంది జయమణి, మిరపకాయలు గిన్నెలో పోస్తూ.

జాయిస్ చేతిలో దువ్వెన ఆగిపోయింది. “ఇంటికెందుకొస్తుంది?”

“కోతపండక్కి గుమ్మడికాయ రాలా?”

వాళ్ళ చర్చిలో ఏటా కోతపండగ చేస్తారు. పండిన పంటలో మొదటిది దేవుడికి తెస్తారు. కోడిపుంజులూ, కందులూ, అరటిగెలలూ, ఏమీ పండనివాళ్ళు గుడ్లూ. ఆరాధన అయ్యాక సంఘపెద్ద రత్నబాబు ఒక్కోటీ ఎత్తి చూపించి పాట పెడతాడు. పాడుకున్నవాళ్ళు దేవుడికివ్వాల్సింది ఇచ్చేసి, వస్తువుని నెత్తిన పెట్టుకుని, “మళ్ళీ పాటకి” అని తిరిగిచ్చేస్తారు. అది మళ్ళీ పాటకెళ్తుంది. నిరుడు జయమణి ఇచ్చిన గుమ్మడికాయ చర్చిలో అందరి నెత్తులూ ఎక్కి దిగి, ఆఖరికి జయమణి పులుసులోకే వచ్చింది. తిరిగివ్వమని ఎవరూ అడగరు. అడక్కూడదు. అడిగితే అది ఇవ్వడం కాదు. కానీ మొదటి పాటకే వస్తువు చంకన పెట్టుకుపోయిన మనిషిని జయమణి తన జన్మలో చూసెరగదు.

“అది చర్చి మమ్మీ! ఇది మ్యూజియం. ఇక్కడ కొన్నవాళ్ళు పట్టుకెళ్ళిపోతారు!”

“పాత బొంతనా? ఎవరిక్కావాలే? మనవాళ్ళే పాడతారు, మనకే ఇస్తారు. పాట పెట్టేది కూడా మన రత్నబాబుగారేనన్నావుగా.”

“వేలం వెయ్యడం మాలో ఎవరికీ రాదని ఆయన్ని పిలిచాం. అంతేగానీ...” జాయిస్ కుర్చీలో కూలబడింది. “నువ్వు నిజంగానే ఇచ్చేశావనుకున్నా మమ్మీ.”

“ఇచ్చా! ఇవ్వలేదన్నానా? తిరిగొచ్చేలా ఇచ్చా!”

“డాడీకి తెలుసా, నువ్వలా అనుకుని ఇచ్చావని?”

జయమణి జవాబు చెప్పేలోగా ఫ్రిజ్జు తలుపు ధన్‌మని పడింది. ఆశీర్వాదం అక్కడే ఉన్నాడు. అంతా విన్నాడు. భుజాన తువ్వాలు వేసుకుని, చెప్పులు తొడుక్కుని, గేటుకి కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు.

“డాడీ!”

సిమెంటు లారీ ఒకటి రోడ్డు మీద పోయింది. దాని వెనక లేచిన తెల్లటి దుమ్ములో మనిషి కనబడలేదు.

* * *

మ్యూజియంలో అడుగుపెట్టగానే జయమణికి మొదట తగిలింది చల్లదనం. బయట ఎండ పేలాలు వేయిస్తుంటే లోపల రాళ్ళు ఏ కాలానిదో చలిని దాచుకున్నాయి. గోడల పొడుగునా పాత రాతి పద్మాలు. ఒక్కో పద్మం పక్కన ఒక్కో కొత్త బొమ్మ. పడుకున్న గేదె. లారీ కింద నిద్రపోతున్న డ్రైవరు పాదాలు. ఒట్టి దిండు, మధ్యలో తల ఆనిన గుంట. కల లేనిదే కళ లేదని ఎవరో గోడమీద రాశారు. రాళ్ళకి కలలొస్తే ఇలాగే ఉంటాయేమో అనిపించింది.

“రండి టీచర్‌గారూ, మీదే మెయిన్ ఐటెం” అన్నాడు హరిచరణ్. మ్యూజియం చూసుకునే కుర్రాఫీసరు. జయమణి అంగన్‌వాడీ టీచరని జాయిస్ చెప్పినప్పట్నుంచీ ఆమెకి పెద్ద మర్యాద చేస్తున్నాడు. “ఇలా లోపలి గదిలోకి. పడుకోండి.”

“పడుకోవాలా?”

“పడుకునే చూడాలండి. నిలబడితే కనపడదు.”

రోజూ మధ్యాహ్నం పిల్లల్ని జోకొట్టి పడుకోబెట్టే మనిషి, ఒకళ్ళు పడుకోమంటే పడుకోవడం ఇదే మొదలు. చెప్పులు విడిచి, చీర సర్దుకుని, నేల మీద పరిచిన తుంగచాప మీద వెనక్కి వాలింది.

పైన ఆకాశం ఉంది.

బొంతని పందిరిలా కప్పుకి కట్టి, దాని పైనుంచి దీపాలు పెట్టింది జాయిస్. సూది దిగిన ప్రతి చోటా ఒక చుక్క. సూసన్నమ్మ ఎన్నిసార్లు సూది గుచ్చిందో అన్ని చుక్కలు. వరసలు తీరి, చుట్లు తిరిగి, మధ్యకి పోయి ఆగినట్టున్నాయి. గుడ్డ అరిగిన చోట్ల వెలుగు చెరువులా నిలిచింది. ఆశీర్వాదం మోకాళ్ళు ఆనే చోటొకటి, గడ్డం కింద గుప్పిట పట్టుకునే చోటొకటి. ఎక్కడ బాగా చిరిగితే అక్కడ బాగా వెలుగు. అతుకులన్నీ కలిసి బతుకంత ఆకాశమైంది.

ఇంకోటి కూడా గమనించింది. అంతటా ఏదో పచ్చదనం పరుచుకుని ఉంది, నీళ్ళలో ఆకు నీడలా. బొంతకి ఇటూ అటూ ఎర్రముక్కలు, నీలంవి, బూడిదరంగువి. ఉతికీ ఆరేసీ ఆమెకి ప్రతి ముక్కా తెలుసు. పచ్చ ముక్క ఒక్కటీ లేదు. మరి ఈ పచ్చ ఎక్కడిది? ఆలోచించబోతే ఆలోచన మెత్తగా జారిపోతోంది. కాళ్ళు తేలిపోతున్నాయి.

“ఎవరు కుట్టారమ్మా?” పక్కచాప మీదినుంచో గొంతు.

జయమణి తల తిప్పింది. పెద్దావిడ. వెంకటగిరి చీర, వెల్లకిలా పడుకుని కళ్ళు పైనే పెట్టి ఉంది. నందిగామ సీతారావమ్మ. విశ్రాంతి ఇంటికి స్థలం ఇచ్చింది ఈవిడే. ఈ మధ్య ఫ్లెక్సీల్లో చూస్తూనే ఉంది.

“మా అత్తగారండి” అంది జయమణి లేవబోతూ.

“పడుకో, పడుకో. నువ్వు లేస్తే నేనూ లేవాలి. మోకాళ్ళు ఒప్పుకోవు. ఏ ఊరు మీ అత్తగారిది?”

“వీరులపాడండి. సూసన్నమ్మ.”

కాసేపు ఇద్దరూ పైకే చూశారు.

“సూసన్న” అంది సీతారావమ్మ, పేరుని నాలుకమీద పెట్టుకుని రుచి చూస్తున్నట్టు. “మా పుట్టింటి చేలో మిరపకాయలు కోసేది. నన్ను ఎత్తుకుని గట్టుదాటించేది. ఆ సూసన్నేనా?”

“ఆవిడేనండి.”

“మంచి చెయ్యి.” సీతారావమ్మ వేలు గాలిలో లేచింది. చుక్కల మధ్య ఓ చిరుగు దగ్గర ఆగింది. లాగి కట్టినప్పుడు విచ్చుకుందేమో, ఆ చిరుగులోంచి పచ్చరంగు కొస ఒకటి తొంగిచూస్తోంది, అంచు మీద చిన్న చిన్న మామిడిపిందెలతో. “అది...”

“ఏదండి?”

సీతారావమ్మ వేలు అలాగే ఉంది.

బయట హాల్లో రత్నబాబు గొంతు మోగింది. “ప్రియులారా, పాటకి వేళయింది!”

* * *

పాటన్నాక పల్లవి ఉంటుంది, చరణం ఉంటుంది. ఈ పాటలో పల్లవంతా రత్నబాబుది, పాపం చరణం మాత్రం హరిచరణ్‌ది. పుస్తకాలు చూసి వేలం పద్ధతి నేర్చుకుని, చిన్న చెక్కసుత్తి కూడా కొనితెచ్చుకున్నాడు కుర్రాడు. సుత్తిని రత్నబాబు ముట్టుకోనే లేదు. ఆయనకి గొంతే సుత్తి.

“ఇదిగో గేదె! నిద్రపోతున్న గేదె! పాలివ్వదు, పేడ వెయ్యదు, గడ్డి అడగదు! ఎవరిదయ్యా మొదటి పాట?”

హాలు గొల్లుమంది. వచ్చినవాళ్ళలో సగంమంది వాళ్ళ చర్చివాళ్ళే, మిగతావాళ్ళు పేట వ్యాపారులూ, నందిగామ లాయర్లూ. కాసేపటికి మ్యూజియం అంతా మూజువాణి. పోటాపోటీగా పాడి గేదెని గెలిచినవాడు వాళ్ళ సంఘంలోని సతీష్‌బాబు. ఫ్రేముని నెత్తిన పెట్టుకున్నాడు, హాలు మధ్యగా నడిచొచ్చాడు, బల్లమీద దింపాడు.

“మళ్ళీ పాటకి!”

“మీదేనండి, తీసుకెళ్ళొచ్చు” అన్నాడు హరిచరణ్.

“ఇచ్చేశాగా.”

“కొన్నారు కదండి?”

“కొన్నా కాబట్టే ఇచ్చా. కొనకుండా ఎలా ఇస్తా?”

హరిచరణ్ సుత్తి వంక చూశాడు. సుత్తికీ అర్థమైనట్టు లేదు. గేదె మళ్ళీ పాటకెక్కింది. మళ్ళీ గెలిచినవాళ్ళూ నెత్తిన పెట్టుకుని తెచ్చిచ్చారు. లాయర్లకి సరదా పుట్టింది. వాళ్ళూ ఇచ్చేయడం మొదలెట్టారు. అది వేలమో వెర్రో తెలీని ఊపు. వెనక బెంచీలో కూచున్న జయమణికి ఇంటినుంచి మోసుకొచ్చిన బరువు కొంచెం కొంచెంగా దిగుతోంది. చూశావా అన్నట్టు కూతురికేసి కళ్ళెగరేసింది. జాయిస్ తల పట్టుకుంది గానీ పెదాలమీద నవ్వే.

“ఇక ఆఖరిది. మన సూసన్నమ్మగారి బొంత” అన్నాడు రత్నబాబు గొంతు తగ్గించి. “పైన కట్టేసుంది, ఎత్తి చూపించలేను. అందరూ చూశారుగా. ఎవరిది మొదటి పాట?”

“నాది” అంది సీతారావమ్మ, ముందు కుర్చీలోంచి.

సతీష్‌బాబు పాడాడు. ఆవిడ పైకెళ్ళింది. ఇంకొకరు పాడారు. ఆవిడ ఇంకా పైకెళ్ళింది. వెనక్కి తిరగలేదు, గొంతు పెంచలేదు. మనవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు.

“ఒకటోసారి... రెండోసారి...” రత్నబాబు జయమణివైపు చూశాడు. “మూడోసారి. అమ్మగారిదే!”

చప్పట్లు. అవి ఆగాక, అందరికీ అలవాటైన ఆ మాట కోసం హాలంతా ఎదురుచూసింది. జయమణి పెదాలు ఆ మాటని చప్పుడు లేకుండా పలికేశాయి కూడా.

సీతారావమ్మ కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచింది.

“అమ్మా, మరి...” రత్నబాబు అంతవరకే అని ఆగిపోయాడు. అడక్కూడదు.

“తెలుసయ్యా. ఇందాకట్నుంచీ చూస్తూనే ఉన్నా మీ పద్ధతి” అందావిడ. “నేనివ్వను. దించమనండి. పట్టుకుపోతా.”

* * *

లోపలి గది గుమ్మం దగ్గర జనం. ఒకాయన ఫోనెత్తి ఫొటోలు తీస్తున్నాడు. కాలేజీ అమ్మాయి ఒకతి గోడమీది చీటీ పైకి చదువుతోంది. “బొంత. పాత చీరలు, దారం, ఒక మనిషి నిద్ర... ఓ, అందుకా! చాలా రియలిస్టిక్‌గా పెట్టారు.”

“గురక రికార్డింగా, నిజందా?” అన్నాడు ఫోనాయన.

జయమణి జనాన్ని తోసుకుని లోపలికెళ్ళింది. తుంగచాప మీద ఆశీర్వాదం. చెప్పులు బుద్ధిగా పక్కనే. తువ్వాలు మడతపెట్టి తలకింద. నోరు కాస్త తెరుచుకుని, చుక్కలన్నీ ముఖమ్మీద పడి, ముఖమే చిన్న ఆకాశమై, గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎవరూ చూడలేదు. ఎన్నాళ్ళనుంచో బాకీ పడ్డ నిద్రంతా ఒక్కపూటలో వసూలు చేసుకుంటున్నాడు.

“డాడీ...” అంది జాయిస్.

“లేపకండి” అంది సీతారావమ్మ. “అలాగే దించండి.”

హరిచరణ్ నిచ్చెనెక్కి ఒక్కో మూలా విప్పాడు. బొంత గాలి నింపుకుని, తొందరేమీ లేనట్టు, ఊగుతూ దిగింది. చుక్కలు ఆరిపోయాయి. ఆకాశం బొంతయి ఆశీర్వాదం మీద వాలింది. నిద్రలోనే గడ్డం కింద గుప్పిట బిగించాడు, ఎప్పుడూ పట్టుకునే చోటే.

సీతారావమ్మ గోడ ఆసరాతో ఓ పక్కన చతికిలబడింది. జయమణి రెండోపక్క కూచుంది. మధ్యలో గురక.

“ఇందాక చెప్పలేకపోయా టీచరమ్మా.” సీతారావమ్మ వేళ్ళు చిరుగుని వెతికి పట్టుకున్నాయి. “ఇది మా అమ్మ చీర. ఈ పిందెలంచు నాకు తెలుసు. అమ్మ పోయేసరికి నేను చిన్నదాన్ని. ఈ చీర కప్పుకుని పడుకుందామని ఇల్లంతా వెతికా. బీరువాలూ, పెట్టెలూ, వడ్లగాదె కూడా. పోయినవాళ్ళ చీర ఇంట్లో ఉంచకూడదన్నారు. ఇచ్చేశామన్నారు. ఎవరికో చెప్పలా.”

“మాకు తెలీదండి” అంది జయమణి.

“నీకెలా తెలుస్తుంది? నాకూ ఇందాక పడుకున్నప్పుడేగా తెలిసింది.” ఆవిడ ఆశీర్వాదం ముఖం వంక చూసింది. కోపం లేదు. అసూయ లాంటిదేదో ఉంది. “ఎంత బాగా నిద్రపోతున్నాడో! నేనిలా పడుకుని ఎన్నేళ్ళయిందో.”

సీతారావమ్మ ఆ పచ్చ కొసని వేలితో నిమిరింది.

“బొంతంతా నాకొద్దమ్మా. ఈ ఒక్క ముక్క కోసిచ్చెయ్. మిగతాది నీకే ఇచ్చేస్తా. మీ పద్ధతే.”

“కొయ్యడమా?” జాయిస్ ముందుకొచ్చింది. “ఆంటీ, మధ్యలో కోస్తే ఇంకేం ఉంటుంది? అది బొమ్మండి!”

“కొన్నవాళ్ళ ఇష్టం జాయిస్” అన్నాడు హరిచరణ్ నేలచూపులు చూస్తూ.

“నువ్వూరుకో!”

“నేను అడుగుతోంది మీ అమ్మని” అంది సీతారావమ్మ.

జయమణి సంచిలో కత్తెర ఉంది. అంగన్‌వాడీలో రంగుకాగితాలు కోసే మొండి కత్తెర. బయటికి తీసింది. ఎంత సులువు! కాస్త ముక్క. పైన ఇంకో గుడ్డ అతికితే సరి. బొంత ఇంటికొస్తుంది, నిద్ర ఇంటికొస్తుంది, ఆ వెనకే మాటా ఇంటికొస్తుంది. ఆయన లేచేసరికి అంతా అయిపోతుంది. వచ్చాక చెబుదాంలే. లేచాక చెబుదాంలే.

కత్తెర ఆగింది.

ఆ రోజు బొంత మడతపెడుతున్నప్పుడు కూడా లోపల సరిగ్గా ఈ మాటే అనుకుంది. వచ్చాక చెబుదాంలే అని. మంచి పనికేగా. తిరిగొచ్చేదేగా. అన్నీ ఆలోచించింది. అడగడం ఒక్కటే మర్చిపోయింది. ఆయన ఇన్నాళ్ళూ గోడలతో మాట్లాడింది బొంత పోయినందుకేనా?

కత్తెర చాపమీద పెట్టేసింది. జోకొట్టడంలో పండిపోయిన ఆ చెయ్యికి నిద్రలేపడం చాతకాలేదు. భుజం దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కొచ్చింది. ఆ ముఖంలో ఉన్న ప్రశాంతత మళ్ళీ ఎప్పటికో!

“ఏవండీ.”

గురక ఆగింది.

“ఏవండీ, లేవండి. మిమ్మల్నొకటి అడగాలి.”

ఆశీర్వాదం కళ్ళు తెరిచాడు. ఆ కళ్ళలో ఎరుపు లేదు. పైకప్పుని చూశాడు, కూతుర్ని చూశాడు, బొంతమీద ఉన్న పెద్దావిడ వేళ్ళని చాలాసేపు చూశాడు. లేచి కూచున్నాడు. జయమణి చెప్పింది. సీతారావమ్మ అమ్మ గురించీ, చీర గురించీ, ముక్క గురించీ. ఏదీ సర్దిచెప్పలేదు, ఉన్నదున్నట్టు చెప్పింది.

“అది ముక్క కాదండి అమ్మగారూ” అన్నాడు ఆశీర్వాదం.

“మరి?”

“మా అమ్మ ఆ చీరని కొయ్యలేదు. ఇంత మంచి చీరకి కత్తెర పెట్టడానికి చెయ్యి రాలేదురా అనేది. కట్టుకోడానికీ మనసొప్పలేదు. మడతపెట్టి నిండుగా లోపల పరిచి, దానికి ఇటూ అటూ మా పాతచీరల ముక్కలు వేసి కుట్టేసింది. పైగుడ్డ చిరిగిన చోట దాని కొస కనబడుతోంది మీకు. చీర మొత్తం లోపలే ఉంది.”

జయమణికి ఇందాకటి ఆకాశం కళ్ళముందు ఆడింది. ఆ పచ్చదనం. అంతటా పరుచుకుని, ఏ ముక్కదో తెలియని పచ్చదనం. ఈయన రోజూ రాత్రి నడిచిన చేను.

“మొత్తమా?” సీతారావమ్మ గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది. “కుచ్చిళ్ళూ, పైటా, అన్నీనా?”

“అన్నీనండి.”

“తియ్యొచ్చా?”

“తియ్యొచ్చు. బొంత విప్పెయ్యాలి. మా అమ్మ ఒకే దారం చుట్లు చుట్లుగా కుట్టింది. చివరి ముడి విప్పి లాగితే మొత్తం వచ్చేస్తుంది.”

“విప్పితే నీకేం మిగుల్తుంది?”

“గుడ్డముక్కలండి” అన్నాడు ఆశీర్వాదం.

గదిలో రాతి పద్మాలు కూడా చెవులు రిక్కించినట్టున్నాయి. సీతారావమ్మ చిరుగు మీదినుంచి చెయ్యి తీయలేదు. అలాగని ఇవ్వమనీ అనలేదు. అడక్కూడదని ఆవిడకీ ఈ పూట తెలిసింది.

ఆశీర్వాదం బొంత అంచుని వేళ్ళతో తడుముతూ ఒక మూల నుంచి ఇంకో మూలకి వచ్చాడు. దొరకలేదు. అప్పుడు తలెత్తాడు. గోడవైపు కాదు. గడియారం వైపు కాదు.

“జయా” అన్నాడు. “ఆసుపత్రి వరండాలో చివరి వరస నువ్వేగా కుట్టింది. ముడి ఎక్కడేశావు?”

జయమణి అరచేయి అప్పటికే ఆ ముడిమీద ఉంది. ఆమె చెయ్యి తీయలేదు.